ఎడ్డీ వాన్ హాలెన్‌కి 70వ స్థానమా? గిటారిస్టుల ర్యాంకుల గొడవ ఇక్కడే తేల్చుకుందాం

ఆరుతీగలు (తిరుపతి) · మే 10, రాత్రి 10:52

అమెరికా నుంచి వచ్చేసిన మా మామ పాత అట్టపెట్టెలు సర్దుతుంటే 2003 నాటి రోలింగ్ స్టోన్ సంగీత పత్రిక ఒకటి బయటపడింది. వందమంది గొప్ప గిటారిస్టుల లిస్టు అందులోనే ఉంది. ఆశగా తిరగేశా. మొదటి పదిలో ఎడ్డీ వాన్ హాలెన్ లేడు. సరే, ఇరవైలో ఉంటాడులే అనుకున్నా. లేడు. యాభై దాటినా లేడు. చివరికి 70 దగ్గర కనపడ్డాడు. కర్ట్ కొబెయిన్‌కి మాత్రం 12.

కొబెయిన్ బృందం నిర్వాణ నాకూ ఇష్టమే. కానీ కొబెయిన్ పాటల్లో సగం నేను గిటార్ పట్టిన మూడో నెలకే వాయించేశా. ఎడ్డీ రెండు చేతులూ ఫ్రెట్ బోర్డు (మెట్లుండే మెడ పలక) మీదికి తెచ్చి కొట్టే ట్యాపింగ్ మూడేళ్లుగా సాధన చేస్తున్నా. పక్కింటి వాళ్ల ఓపిక అయిపోయింది కానీ నాకు మాత్రం రాలేదు. 1978లో ఆయన మొదటి ఆల్బమ్ విన్నాక ఎంతమంది కుర్రాళ్లు అదే పని మీద పడ్డారో లెక్కలేదు. అలాంటివాడికి 70 ఎట్ల ఇస్తారు? ఎవరైనా చెప్పండి, నాకు నిద్రపట్టేలా లేదు.

రేణిగుంట_రైలు · మే 10, రాత్రి 11:05

నీకు 70 గురించి బాధ. మా స్లాష్‌ని (గన్స్ ఎన్ రోజెస్ గిటారిస్టు) 2009లో టైమ్ పత్రిక హెండ్రిక్స్ తర్వాత రెండో స్థానంలో కూర్చోబెట్టింది. రెండేళ్లు తిరక్కుండా 2011లో రోలింగ్ స్టోన్ 65లో పడేసింది. మనిషి అదే, టోపీ అదే, గిటారూ అదే.

పాతక్యాసెట్ (బాలాజీ కాలనీ) · మే 11, ఉదయం 6:20

బాబూ ఆరుతీగలు, మీ మామగారి పెట్టెలో దొరికింది మొదటి లిస్టు. ఆ తర్వాత ఇంకా రెండు వచ్చాయి, 2011లో ఒకటి, 2023లో ఒకటి. మూడోదానిలో వందమంది చాలక 250 మందిని పెట్టారు. మీ ఎడ్డీ 2011లో 8కి, 2023లో 4కి ఎక్కాడు. కాబట్టి నిద్రపోండి.

నిద్ర పట్టాల్సింది నాకు. నేను ఎరిక్ క్లాప్టన్ మనిషిని. మద్రాసులో మూర్ మార్కెట్ 1985లో కాలిపోకముందు, తిరుపతి నుంచి పొద్దున రైలెక్కి వెళ్లి, జీతంలో మిగిలింది పెట్టి ఆయన రికార్డులు రెండు కొనుక్కొచ్చాను. ఒకటి వంగిపోయి ఉంది, ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు. అయినా అదే విన్నాను. 2003లో ఆయన 4. 2011లో 2. 2023లో ఎంతో తెలుసా? 35! ఒక మనిషి వాయించేసిన పాటలు పన్నెండేళ్లలో చెడిపోతాయా? పాలా అవి?

కుప్పం_కుర్రాడు · మే 11, ఉదయం 8:02

తాతా, "పాలా అవి" 😂 దీన్ని స్టేటస్ పెట్టుకుంటున్నా.

లెక్కల_మాస్టారు (తిరుపతి) · మే 11, ఉదయం 9:15

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాదు. ఇంటర్ లెక్కల పేపర్లు దిద్దినవాణ్ణి. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినవాళ్లకి ఒక సంగతి తెలుస్తుంది. అదే పేపరు, అదే సమాధానం. పొద్దున దిద్దినాయన 6 ఇస్తాడు, మధ్యాహ్నం భోజనం చేసొచ్చి దిద్దినాయన 4 ఇస్తాడు. లెక్కల పేపరుకి చేతిలో కీ ఉంటుంది కాబట్టి తేడా రెండు మార్కులతో ఆగుతుంది. గిటారుకి కీ ఎక్కడ ఉంది?

ఈ మూడు లిస్టులూ దిద్దినవాళ్లు వేరు. 2003 నాటిది ఒక్క విమర్శకుడు, డేవిడ్ ఫ్రిక్, కూర్చుని తయారుచేసింది. 2011లో గిటారిస్టులు, ఇతర నిపుణులు కలిసిన బృందాన్ని ఓట్లు అడిగారు. 2023 నాటిది మళ్లీ పత్రిక వాళ్లు చేసుకున్నది. విమర్శకుడి చేతిలో 70 వచ్చిన ఎడ్డీకి, గిటారిస్టులు ఓటు వేయగానే 8 వచ్చింది. ఆ ఎనిమిదేళ్లలో ఎడ్డీ వేళ్లేమీ మారలేదు, పేపరు దిద్దిన చేయి మారింది. ఆయన వేళ్లు చేసే పని ఎంత కష్టమో వాయించేవాళ్లకే తెలుసు. రాసేవాడికి కావలసింది వేరే.

పాతక్యాసెట్ గారూ, మీ క్లాప్టన్ సంగతీ అంతే.

ఆరుతీగలు · మే 11, ఉదయం 9:31

అంటే గిటారిస్టులు వేసిన లిస్టే కరెక్టు కదా సార్? అదే ఫైనల్ అనుకోవచ్చా?

వీణతంత్రి · మే 11, ఉదయం 10:10

ఆ గిటారిస్టుల లిస్టులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చెప్పు తమ్ముడూ. ఫైనల్ సంగతి తర్వాత చూద్దాం.

ఆరుతీగలు · మే 11, ఉదయం 10:48

లెక్కపెట్టాను అక్కా. ఇద్దరు. జోనీ మిచెల్ 75, బానీ రైట్ 89.

వీణతంత్రి · మే 11, ఉదయం 11:30

2003లో కూడా ఇద్దరే. జోనీ మిచెల్ 72, జోన్ జెట్ 87. ఆ తర్వాత 2023 లిస్టు తెరిచి చూడు. సిస్టర్ రొసెట్టా థార్ప్ 6, జోనీ మిచెల్ 9. థార్ప్ 1915లో పుట్టింది, 1973లో పోయింది. చర్చి పాటలకి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని, తర్వాత రాక్ అండ్ రోల్ అని పేరొచ్చిన ఆ వాయింపుని చక్ బెర్రీ కంటే ముందే వాయించింది. 2003 నాటికి ఆమె పోయి ముప్పై ఏళ్లు. వందమందిలో చోటివ్వలేదు. 2011లోనూ ఇవ్వలేదు. ఇంకో పన్నెండేళ్లకి ఏకంగా 6. మాస్టారు చెప్పిన దిద్దే చేయి మారడం అంటే నాకు ఇదే.

జోనీ మిచెల్ గురించి ఇంకోమాట. ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చింది. ఎడమచెయ్యి బలహీనపడింది. మామూలు శ్రుతిలో కష్టమైన కార్డులు (కలిపి పలికే స్వరాలు) పట్టడం కుదరక తీగల శ్రుతులే మార్చుకుంది, ఒక్కో పాటకి ఒక్కో రకంగా. అందుకే ఆమె పాట ఎవరైనా మామూలు శ్రుతి గిటార్ మీద వాయిస్తే ఏదో తక్కువైనట్టు ఉంటుంది. నువ్వు "మూడో నెలకే వాయించేశా" అన్నది కొబెయిన్ గురించి కదా? ఈమె పాట ఒకటి ఎత్తుకుని మూడో నెలలో చెప్పు.

రేణిగుంట_రైలు · మే 11, ఉదయం 11:34

తమ్ముడికి గట్టిగానే పడింది.

గ్రీమ్స్‌పేట_అన్న (చిత్తూరు) · మే 11, సాయంత్రం 4:40

నిన్నరాత్రి పలమనేరు వైపు రిసెప్షన్ ప్రోగ్రాం, పడుకునేసరికి తెల్లారింది. ఇప్పుడే చూశా ఈ రామాయణం. నేను ఇరవైరెండేళ్లుగా ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తున్నా. పెళ్లిళ్లు, వినాయకచవితి పందిళ్లు, జాతరలు. నాకు ఎవరూ ర్యాంకు ఇవ్వలేదు, పేమెంటే సరిగ్గా ఇవ్వరు. కాబట్టి నా మాట ఎంత వరకు తీసుకుంటారో మీ ఇష్టం.

మీరంతా మాట్లాడేది లీడ్ గురించే, అంటే సోలో బిట్ల గురించే. ఎంత స్పీడు, ఎంత కష్టం, ఎన్ని నోట్లు. స్టేజి మీద ఎక్కి చూడండి. పోయిన నెల ఒక పాట మధ్యలో సింగర్‌కి గొంతు పట్టేసింది. రెండో చరణానికి ముందు నా చెవిలో "అన్నా, శ్రుతి తగ్గించు" అన్నాడు. కేపోతో (మెడకి బిగించే క్లిప్పు) శ్రుతి పెంచుకోవడమే, తగ్గించడం కుదరదు. అక్కడికక్కడ కార్డులన్నీ తలలో మార్చుకుని, రిథమ్ ఆగకుండా చరణం ఎత్తాలి. కిందున్న జనానికి ఏమీ తెలియకూడదు. తెలియలేదు. ఆ రోజు నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అదే నాకు సర్టిఫికెట్.

ఇప్పుడు చాలా ఆర్కెస్ట్రాలు గిటారిస్టుని పిలవడమే మానేశాయి. కీబోర్డులో గిటార్ టోన్ పెట్టుకుని లీడ్ బిట్లు కానిచ్చేస్తారు. మీరు దేవుడిలాగా మొక్కే సోలోని కీబోర్డు అటో ఇటో లాక్కొస్తుంది. దానికి రానిది కుడిచేతి రిథమ్ ఒక్కటే. స్ట్రోక్‌కీ స్ట్రోక్‌కీ మధ్య తీగని అరచేత్తో ఆపుతాం చూడండి, ఆ ఖాళీ దానికి రాదు.

అందుకే 2023లో నైల్ రాడ్జర్స్‌కి 7 ఇచ్చారని చదివితే నాకు సంతోషం వేసింది. ఆయన పని అంతా ఆ కుడిచేతిలోనే ఉంది. కీత్ రిచర్డ్స్ అయితే ఆరో తీగ పీకేసి, అయిదు తీగల్ని ఓపెన్ జీ శ్రుతిలో (వేలు పెట్టకుండానే జీ కార్డు పలికేలా) పెట్టుకుని అన్ని పాటలు లాగించాడు. 2003లో 10, 2011లో 4. ఆరు తీగలూ ఉన్న మనకి ఏం వచ్చింది?

ఆరుతీగలు · మే 11, సాయంత్రం 5:02

అన్నా, గౌరవంగానే అంటున్నా. నైల్ రాడ్జర్స్ 7, బీబీ కింగ్ 8 అంటే ఒప్పుకుంటావా? రిథమ్ గొప్పదే. కానీ బీబీ కింగ్ పైన?

గ్రీమ్స్‌పేట_అన్న · మే 11, సాయంత్రం 5:10

ఒప్పుకోను. కానీ నువ్వు అడిగింది అది కాదు కదా. రిథమ్ వాళ్లని లోపలికి రానిచ్చారు, అది చాలు నాకు.

కుప్పం_కుర్రాడు · మే 11, సాయంత్రం 5:45

2003 లిస్టులో ప్రిన్స్ పేరే లేదు, అది ఎవరూ అనలేదేంటి? వందలో ఎక్కడా లేదు. 2004 మార్చిలో బీటిల్స్ జార్జ్ హారిసన్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన సభలో, అంతసేపు పక్కన నిలబడి ఉండి, చివర్లో ముందుకొచ్చి ఒక సోలో ఎత్తుకున్నాడు. హారిసన్ కొడుకు పక్కనే నవ్వుతూ చూస్తూ ఉన్నాడు. చివరికి గిటార్‌ని పైకి విసిరేసి వెళ్లిపోయాడు. నేను ఎన్నిసార్లు చూశానో. 2011లో 33 ఇచ్చారు. ఏం లాభం.

పాతక్యాసెట్ · మే 11, రాత్రి 7:30

చచ్చిపోతే ర్యాంకు పెరుగుతుందని నాకు ఎప్పటినుంచో అనుమానం. హెండ్రిక్స్ 27 ఏళ్లకే పోయాడు, మూడు లిస్టుల్లోనూ ఒకటో స్థానం. డ్యూయేన్ ఆల్మన్ 24కి పోయాడు, 2003లో 2. రాబర్ట్ జాన్సన్ 27కి పోయాడు, రికార్డు చేసిన పాటలు 29 మాత్రమే, 5. స్టీవీ రే వాన్ 35కి హెలికాప్టర్ కూలి పోయాడు, 7. బతికి ఉన్నవాడు ముసలితనంలో చెత్త ఆల్బమ్ ఒకటి చేసి పేరు చెడగొట్టుకుంటాడు. పోయినవాడికి ఆ బాధ లేదు. మా క్లాప్టన్ చేసిన పొరపాటల్లా బతికి ఉండటమే.

లెక్కల_మాస్టారు · మే 11, రాత్రి 8:05

పాతక్యాసెట్ గారూ, మీరు లెక్క సగంలో ఆపేశారు. అదే 2003 మొదటి పదిలో మిగతా ఆరుగురు బీబీ కింగ్, క్లాప్టన్, చక్ బెర్రీ, రై కూడర్, జిమ్మీ పేజ్, కీత్ రిచర్డ్స్. లిస్టు వచ్చేనాటికి ఆరుగురూ బతికే ఉన్నారు. మీ సిద్ధాంతానికి నాలుగు ఉదాహరణలు, ఎదురు ఆరు. పైగా ఆ ఆరుగురిలో మీ క్లాప్టన్ ఒకరు. సున్నా మార్కులు.

పాతక్యాసెట్ · మే 11, రాత్రి 8:11

స్పాట్ వాల్యుయేషన్‌లో మీలాంటివాళ్ల చేతిలోనే కదండీ మా అబ్బాయి పేపరు పడింది.

వీణతంత్రి · మే 11, రాత్రి 9:20

ఇంతవరకు ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటాను. మీరంతా ఆ లిస్టులో ఎవరు పైన, ఎవరు కింద అని కొట్టుకుంటున్నారు. నా ప్రశ్న, లిస్టు గీత ఎక్కడ గీశారు అని. 2003లో 8వ స్థానంలో ఉన్న రై కూడర్, మన విశ్వమోహన్ భట్ గారితో కూర్చుని ఒక ఆల్బమ్ చేశారు. మోహన వీణ అంటే స్లైడ్ గిటార్‌నే (తీగల మీద కడ్డీ జార్చి వాయించేది) మార్చి, అదనపు తీగలు కట్టి చేసుకున్న వాద్యం. ఆ ఆల్బమ్‌కి 1994లో గ్రామీ ఇద్దరికీ కలిపి వచ్చింది. ఒకే గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వాయించారు. ఒకరికి లిస్టులో 8. రెండోవారి పేరే లేదు.

నేను సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటున్నా. వీణ మీద గమకం అంటే తీగని మెట్టు మీద పక్కకి లాగడం. ఒక్క మెట్టు మీద వేలు పెట్టి రెండు మూడు స్వరాలు పలికించాలి. మొదటి ఏడాది వేళ్లు కోసుకుపోతాయి, నూనె రాసుకుని మళ్లీ కూర్చుంటాం. మా అన్నయ్య ఒకసారి బీబీ కింగ్ వినిపించాడు. వినగానే నాకు అనిపించింది, ఈయన తీగ లాగుతున్నాడు, మనలాగే. స్లైడ్ వాయించే బంధువు బుక్కా వైట్ ధ్వనిని ఉత్త వేళ్లతో తెప్పించాలని చూసి చూసి ఆ వణుకు సాధించాడని తర్వాత చదివాను. ఆయన ఎక్కువ నోట్లు వాయించడు. ఒక్క నోటు పట్టుకుని ఎటు లాగాలో అటు లాగుతాడు. ఎడ్డీ ట్యాపింగ్ నాకు కళ్లు తిరిగేలా ఉంటుంది కానీ ఏడుపు రాదు. ఇది నా చెవి తప్పు కావచ్చు.

ఆరుతీగలు · మే 11, రాత్రి 9:33

అక్కా, ఏడుపు రావాలంటే నా ట్యాపింగ్ వినాలి.

గ్రీమ్స్‌పేట_అన్న · మే 11, రాత్రి 11:50

వీణ అమ్మాయి చెప్పింది నిజం. దీనికి సంబంధించినది ఇంకోటి ఉంది. జాన్ మెక్‌లాఫ్లిన్. 1970ల్లో జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్ గార్లతో శక్తి బృందం పెట్టిన ఇంగ్లండ్ ఆయన. మామూలు గిటార్ మీద మన గమకం సరిగ్గా పలకడం లేదని ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు. ఫ్రెట్‌కీ ఫ్రెట్‌కీ మధ్య చెక్కని గిన్నెలాగా లోపలికి తొలిపించాడు. వేలికి చెక్క తగలదు, తీగ ఎంత కావాలంటే అంత లాగొచ్చు. పైన అడ్డంగా శ్రుతి తీగలు కూడా కట్టించాడు. అంత కష్టపడ్డ మనిషికి 2003లో 49, 2011లో 68. అదే శక్తి పేరుతో, కొందరు సభ్యులు మారి, మళ్లీ చేసిన ఆల్బమ్‌కి 2024లో గ్రామీ వచ్చింది.

నేను మా మేస్త్రీ చేత ఒక పాత గిటార్‌కి అలా చెక్కించబోయి మెడ విరగ్గొట్టించుకున్నా. అది వేరే కథ.

రేణిగుంట_రైలు · మే 12, ఉదయం 7:15

ఆగండాగండి. మెడ విరిగిన కథ మధ్యలో వదిలేస్తే ఎట్ల అన్నా?

గ్రీమ్స్‌పేట_అన్న · మే 12, ఉదయం 7:40

తలుపులు, కిటికీలు చేసే మేస్త్రీకి ఇచ్చా. ఆయన ఉలితో మొదలుపెట్టాడు. ఇంకేం చెప్పను స్వామీ.

కుప్పం_కుర్రాడు · మే 12, ఉదయం 8:20

మరి మన మేండలిన్ శ్రీనివాస్ గారు? మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ఆయనకే చెమటలు పట్టించినవారు. శక్తి బృందం తర్వాతి రూపం రిమెంబర్ శక్తి కచేరీలు చూడండి. పాలకొల్లులో పుట్టి ప్రపంచమంతా తిరిగొచ్చారు, 2014లో 45 ఏళ్లకే పోయారు. లిస్టు వేస్తే ఆయన లేకుండా వేస్తామా?

పాతక్యాసెట్ · మే 12, ఉదయం 8:45

మహానుభావుడు. కానీ అది మేండలిన్ నాయనా, గిటార్ కాదు.

కుప్పం_కుర్రాడు · మే 12, ఉదయం 8:52

మామూలు మేండలిన్‌కి జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. ఆయనది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్. సగం గిటార్ అయిపోయినట్టే కదా? మోహన వీణ గిటార్ అయినప్పుడు ఇది ఎందుకు కాదు?

వీణతంత్రి · మే 12, ఉదయం 9:30

మోహన వీణ పుట్టిందే గిటార్ నుంచి. ఆయన వాద్యం మేండలిన్ నుంచి. ఆయన్ని గిటారిస్టుల్లో 14వ వాడిగానో 40వ వాడిగానో ఇరికించడం ఆయనకే అవమానం. కర్ణాటక సంగీతానికి గిటారే కావాలంటే ప్రసన్న ఉన్నారు. చిత్తూరు దాటి వేలూరు వైపు వెళ్తే రాణిపేట ఎంత దూరం? అక్కడ పుట్టిన మనిషి. మామూలు గిటార్ మీదే కృతులు, రాగం, తానం, పల్లవి వాయిస్తారు. పక్క ఊరి ఆయన గురించి మనలో ఎవరూ ఎత్తలేదు, ఎడ్డీ 70 గురించి రెండు రోజులుగా కొట్టుకుంటున్నాం.

ఆరుతీగలు · మే 12, ఉదయం 9:58

నిజంగా తెలియదు అక్కా. ఇప్పుడే విన్నా. సగంలో ఆపి మళ్లీ మొదటి నుంచి పెట్టా. ఆ తీగ లాగడం ఏంటి అసలు!

మోడరేటర్_కపిల · మే 12, సాయంత్రం 6:00

చర్చ బాగుంది, ఇంతవరకు ఎవరినీ హెచ్చరించాల్సి రాలేదు, ఆశ్చర్యంగా ఉంది. ఒక పని చేద్దాం. మన లిస్టు మనమే వేసుకుందాం. ఒక్కొక్కరు అయిదు పేర్లు వరుసగా రాయండి. మొదటి పేరుకి 5 పాయింట్లు, చివరిదానికి 1. గిటార్ అయి ఉండాలి, స్లైడ్ అయినా సరే. ఏ దేశమైనా సరే. రేపు రాత్రి 9కి ముగుస్తుంది.

లెక్కల_మాస్టారు · మే 12, సాయంత్రం 6:25

కపిల గారూ, వేసుకోండి, వద్దనను. కానీ ముందే ఒక హెచ్చరిక. ముగ్గురు ఓటర్లు ఉన్నారనుకోండి. ఒకరి వరుస బెర్రీ, పేజ్, కింగ్. రెండో వారిది పేజ్, కింగ్, బెర్రీ. మూడోవారిది కింగ్, బెర్రీ, పేజ్. ఇప్పుడు ఇద్దరిద్దర్ని పోల్చండి. బెర్రీ, పేజ్ కంటే మేలని ముగ్గురిలో ఇద్దరు అంటున్నారు. పేజ్, కింగ్ కంటే మేలని ఇద్దరు. అలాగైతే బెర్రీ కింగ్ కంటే మేలు కావాలి కదా? కాదు, కింగే బెర్రీ కంటే మేలని ఇద్దరు! గానుగెద్దులా తిరిగి తిరిగి మొదటికే వస్తాం. ఎవరి ఓటూ తప్పు కాదు, కానీ మొత్తానికి వరుస లేదు. ఫ్రాన్స్‌లో కాండోర్సే అనే ఆయన 1785లోనే ఈ తిరకాసు రాసి పెట్టాడు.

మీ 5, 4, 3, 2, 1 పాయింట్లతో ఏదో ఒక వరుస వస్తుంది. పాయింట్లు 10, 5, 3, 2, 1 అని మార్చండి, అవే ఓట్లతో ఇంకో వరుస రావచ్చు. 70, 68 అని అంకె వేసేసరికి కొలబద్దతో కొలిచినట్టు కనపడుతుంది, అంతే.

నా ఓటు: నాకు ఓటు లేదు. వినేది ఘంటసాల గారిని.

రేణిగుంట_రైలు · మే 12, సాయంత్రం 6:31

స్లాష్, స్లాష్, స్లాష్, స్లాష్, హెండ్రిక్స్.

మోడరేటర్_కపిల · మే 12, సాయంత్రం 6:40

ఒక పేరు ఒక్కసారే రాయాలి.

పాతక్యాసెట్ · మే 12, రాత్రి 7:55

క్లాప్టన్, హెండ్రిక్స్, బీబీ కింగ్, మెక్‌లాఫ్లిన్, ఆల్బర్ట్ కింగ్. చివరాయన గురించి ఒక్కమాట. ఎడమచేతి వాటం. హెండ్రిక్స్ కుడిచేతి గిటార్ తిరగేసినా తీగలు మార్చి కట్టుకునేవాడు. ఆల్బర్ట్ కింగ్ అదీ చేయలేదు, తీగలు తలకిందులుగా ఉండగానే వాయించాడు. మనం పైకి తోసే తీగని ఆయన కిందికి లాగేవాడు. ఆ పట్టు మనకి రమ్మన్నా రాదు.

గ్రీమ్స్‌పేట_అన్న · మే 13, మధ్యాహ్నం 1:15

కీత్ రిచర్డ్స్, బీబీ కింగ్, నైల్ రాడ్జర్స్, మెక్‌లాఫ్లిన్. అయిదోది ఖాళీ పెట్టండి. మన సినిమా రికార్డింగుల్లో వాయించినవాళ్ల కోసం. మనం చిన్నప్పటి నుంచి పాడుకున్న పాటల్లో గిటార్ బిట్లు నోటితో కూడా అంటాం, ఎవరు వాయించారో క్యాసెట్ కవరు మీద పేరుండేది కాదు. సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు, రాసినవారి పేరు, అంతే. పేరే తెలియనివాళ్లకి ర్యాంకు ఎట్ల వేస్తాం?

వీణతంత్రి · మే 13, మధ్యాహ్నం 2:05

ప్రసన్న, జోనీ మిచెల్, విశ్వమోహన్ భట్, రొసెట్టా థార్ప్, బీబీ కింగ్. అన్న గారి ఖాళీ నాకు నచ్చింది. ఎంత ఇస్తారు దానికి?

మోడరేటర్_కపిల · మే 13, మధ్యాహ్నం 2:20

ఖాళీకి పాయింట్లు ఇవ్వడం కుదరదండీ. కానీ లిస్టు కింద ఒక ఖాళీ గీత పెడతాను.

మోడరేటర్_కపిల · మే 13, రాత్రి 9:30

ఓటింగ్ ముగిసింది. ఫలితానికి ముందు ఒక విషయం. ఈరోజు సాయంత్రం 5 నుంచి 6 మధ్య నలుగురు కొత్త సభ్యులు చేరారు. నలుగురూ స్లాష్‌కే మొదటి ఓటు వేశారు. నలుగురూ హెండ్రిక్స్‌ని "హెడ్రిక్స్" అని రాశారు. ఆ నాలుగు ఓట్లూ రద్దు. ఎవరని అడగను.

ఫలితం: 1. హెండ్రిక్స్. 2. బీబీ కింగ్. 3. మెక్‌లాఫ్లిన్, ఎడ్డీ వాన్ హాలెన్ సమానం. 5. జోనీ మిచెల్. కింద ఖాళీ గీత.

రేణిగుంట_రైలు · మే 13, రాత్రి 9:34

ఎవరో కావాలని నన్ను ఇరికించడానికి చేసిన పని. హెడ్రిక్స్ మీద ఒట్టు.

కుప్పం_కుర్రాడు · మే 13, రాత్రి 9:35

😂😂😂

పాతక్యాసెట్ · మే 13, రాత్రి 9:50

క్లాప్టన్ మొదటి అయిదులో లేడు. రోలింగ్ స్టోన్ 35 ఇచ్చిందని ఏడ్చాను, మీరు అది కూడా ఇవ్వలేదు. ఇకమీద పత్రికల్ని తిట్టను.

లెక్కల_మాస్టారు · మే 13, రాత్రి 10:02

ఉండబట్టలేక అవే ఓట్లని 10, 5, 3, 2, 1 తో కూడి చూశాను. బీబీ కింగ్‌ని చాలామంది రెండో పేరుగానో మూడో పేరుగానో రాశారు, మొదటి పేరుగా రాసినవారు తక్కువ. అందుకని ఆయన కిందికి జారి, ఎడ్డీ రెండుకి వచ్చాడు.

ఆరుతీగలు · మే 13, రాత్రి 10:04

సార్ చెప్పిన పద్ధతే కరెక్టు! ఆ పద్ధతిలోనే ప్రకటించండి!

వీణతంత్రి · మే 13, రాత్రి 10:06

మొన్న గిటారిస్టుల లిస్టే ఫైనల్ అన్నావు కదా తమ్ముడూ.

ఆరుతీగలు · మే 13, రాత్రి 10:15

సరే అక్కా, ఊరుకుంటా. గ్రీమ్స్‌పేట అన్నా, టాపిక్ కాదు గానీ ఒక డౌటు. నా గిటార్‌లో మూడో ఫ్రెట్ దగ్గర వేలు పెడితే జుయ్యిమని రొద వస్తోంది, రెండు లావు తీగల మీద. వారం నుంచి. ట్యాపింగ్ చేస్తే ఇంకా ఎక్కువ.

గ్రీమ్స్‌పేట_అన్న · మే 13, రాత్రి 10:40

ఎక్కడ పెడతావు గిటార్? కిటికీ పక్కనా?

ఆరుతీగలు · మే 13, రాత్రి 10:42

కిటికీ పక్కనే, గోడకి ఆనించి. మధ్యాహ్నం ఎండ పడుతుంది.

గ్రీమ్స్‌పేట_అన్న · మే 13, రాత్రి 10:49

తిరుపతి మే నెల ఎండలో మనిషే ఎండిపోతాడు, చెక్క ఎంత? మెడ వెనక్కి వంగి ఉంటుంది. లోపల ట్రస్ రాడ్ అని ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని కొంచెం వదులు చేస్తే మెడ ముందుకొస్తుంది, తీగ ఫ్రెట్‌కి తగలడం ఆగుతుంది. పావు చుట్టు చాలు. నువ్వు తిప్పొద్దు. తీగలు ఎప్పుడు మార్చావు?

ఆరుతీగలు · మే 13, రాత్రి 10:51

మార్చాలా?

గ్రీమ్స్‌పేట_అన్న · మే 13, రాత్రి 10:52

కొని ఎన్నేళ్లయింది?

ఆరుతీగలు · మే 13, రాత్రి 10:53

మూడున్నర.

గ్రీమ్స్‌పేట_అన్న · మే 13, రాత్రి 11:01

మూడేళ్లుగా ట్యాపింగ్ రావడం లేదన్నావు, తుప్పు మీద ఎవడికి వస్తుంది? ఎడ్డీకైనా రాదు. ఆదివారం నాకు ప్రోగ్రాం లేదు. పదికల్లా చిత్తూరు బస్టాండులో దిగి ఫోన్ చెయ్. 10 గేజ్ (తీగ మందం) సెట్టు ఒకటి కొనుక్కురా.

ఆరుతీగలు · మే 13, రాత్రి 11:03

9 గేజ్ తెస్తే కుదరదా అన్నా? వేళ్లకి తేలిగ్గా ఉంటుందంటారు.

పాతక్యాసెట్ · మే 13, రాత్రి 11:05

స్టీవీ రే వాన్ 13 గేజ్ వాడేవాడు. 9 అంట, 9!

మోడరేటర్_కపిల · మే 13, రాత్రి 11:06

తీగల గేజ్ గొడవకి వేరే చర్చ తెరవండి, దయచేసి. నేను పడుకోవాలి.